ఎదురు దిక్కుకు నడిచిన సోడియం

ఉప్పునీటిలో రెండు ఎలక్ట్రోడులు ముంచి బ్యాటరీకి కలిపితే ఏమవుతుందో మీకు తెలుసు. ధనావేశమున్న సోడియం అయాన్లు ఋణధ్రువమైన కాథోడు వైపు కదులుతాయి. మరి సోడియం ధనధ్రువం వైపు వెళ్ళిందని ఎవరైనా చెబితే నమ్ముతారా?

1950లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు హైజెంగా, గ్రీగర్, వాల్ ఈ సంగతే ప్రకటించారు. వారు తీసుకున్నది ఉప్పునీరు కాదు, పాలీఎక్రిలిక్ ఆమ్లం. దీని అణువు పూసలదండ లాంటి పొడవాటి గొలుసు. ప్రతి పూసకూ ఒక ఆమ్ల సమూహం వేలాడుతుంటుంది. సోడియం హైడ్రాక్సైడు కలిపితే ఆ సమూహాలు ఋణావేశం పొందుతాయి. వాటికి జోడీగా సోడియం అయాన్లు నీటిలో ఉంటాయి. ఇలా బారులు తీరిన ఆవేశాలుగల గొలుసును పాలీఎలక్ట్రొలైటు అనీ, జోడీ అయాన్లను ప్రతి-అయాన్లు అనీ అంటారు.

సోడియం ఎటు పోయిందో కనిపెట్టడానికి వారు కొంచెం రేడియోధార్మిక సోడియం వాడారు. మందలో ఒక ఆవు మెడకు గంట కట్టినట్లన్న మాట! ఆమ్లంలో చాలా భాగం తటస్థమైన ద్రావణాలలో ఆ గంట ఆనోడు వైపు వినిపించింది. ఋణావేశపు గొలుసు ఆనోడు వైపు కదులుతూ, తన చుట్టూ పోగైన సోడియంను కూడా లాక్కుపోయింది. స్వేచ్ఛగా ఉన్నవి కాథోడు వైపే వెళ్ళాయి గాని, అవి తక్కువ.

ఇది రసాయన బంధం కాదు సుమా! కిక్కిరిసిన బస్సులో ఎక్కేవారు ఎక్కుతారు, దిగేవారు దిగుతారు. బస్సు మాత్రం ఖాళీ కాదు. ఈ అయాన్లూ అంతే.

ఒంటరి ఋణావేశం సోడియంను ఇలా నిలుపుకోలేదు. ఉష్ణం వల్ల ఎడతెగక కదిలే నీటి అణువులు దాన్ని తోసేస్తాయి. నీటిలో రెండు ఏకావేశాల మధ్య దూరం సుమారు 0.7 నానోమీటరు ఉన్నప్పుడు వాటి ఆకర్షణ శక్తి, ఉష్ణశక్తి సరిసమానం. (నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షవ వంతు.) గొలుసు మీది ఆవేశాలు ఇంతకంటే దగ్గరగా ఉంటే, మిగిలే ఆవేశం 0.7 నానోమీటరుకు ఒకటి చొప్పున తగ్గేవరకు ప్రతి-అయాన్లు చేరతాయని 1969లో మానింగ్ సిద్ధాంతీకరించాడు. పూర్తిగా తటస్థమైన పాలీఎక్రిలిక్ ఆమ్లంలో ఆవేశాల ఎడం 0.25 నానోమీటరు. 0.25ను 0.7తో భాగించండి. నూటికి 36 సోడియం అయాన్లే స్వేచ్ఛగా ఉంటాయి, 64 గొలుసు దగ్గరే.

ఇదే లెక్క మన కణాలలోని డి.ఎన్.ఎ.కు వేసి చూడండి. దానిలో ఆవేశాల ఎడం 0.17 నానోమీటరే. నూటికి 76 ఆవేశాలను ప్రతి-అయాన్లు కప్పివేస్తాయి. అయినా మిగిలిన 24 ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉంటాయి. మనిషి కణంలోని సుమారు రెండు మీటర్ల డి.ఎన్.ఎ. చిన్న కేంద్రకంలో ఇమడాలంటే ఇది చాలదు. అందుకే ధనావేశం మెండుగా ఉన్న హిస్టోనులనే ప్రోటీనులు దానికి తోడవుతాయి. డి.ఎన్.ఎ. వాటి చుట్టూ చుట్టుకొనేటప్పుడు, అక్కడ పోగైన చిన్న అయాన్లు అనేకం చోటు ఖాళీ చేసి నీటిలోకి వెళ్ళిపోతాయి.