వేణువాదనము: గురుశిక్షయు, స్వకల్పనయు

సాయంవేళల కోఠినుండి సుల్తాను బజారువైపు నడచువారికి, పొడుగుపాటి కఱ్ఱకు వెదురు పిల్లనగ్రోవులను గ్రుచ్చి భుజమున నిడుకొని, అందొకదానిని వాయించుచు బోవు వర్తకుడు అప్పుడప్పుడు కానవచ్చును. వాని చేతిలో చలనచిత్ర గీతము లవలీలగా పలుకును. మన బాలురు మురిసిపోయి కొందురు. ఇంటికేగి యూదినచో గాలియే గాని నాదము రాదు. మేమును బాల్యమున నట్లు కొని, వర్తకుడు మంచిదానిని తాను దాచుకొని చెడ్డదానిని మాకంటగట్టెనని చాలకాలము నమ్మియుంటిమి.

మా విద్యార్థి యొకడు మాత్రము పట్టు విడువక, ఎవరును నేర్పకయే, విన్న పాటలను వాయింప నలవరచుకొనెను. పాఠశాల వార్షికోత్సవమున వానికి కరతాళధ్వనులు మిన్నుముట్టెను. మేము సంతసించి వాని నొక విద్వాంసునికడ చేర్చితిమి. నెల తిరుగకమునుపే వాడు మొగము చిన్నబుచ్చుకొని వచ్చి, "అయ్యా! నాకు పాటలు వచ్చును గదా. ఆయన సరళీ స్వరములే యూదుమనుచున్నారు. కావ్యము చదువువానికి మరల ఓనమాలేల?" యని యడిగెను. మాకు వెంటనే బదులు తోచలేదు.

ఇట్టి సందేహమే జపానుదేశపు వేణువు నేర్చువారికిని కలుగుటకు వీలున్నది గనుక, ఆ విద్యను గూర్చి కొంత చెప్పెదము. షాకుహాచి యను నా వేణువును మన పిల్లనగ్రోవివలె నడ్డముగా గాక నిలువుగా బట్టి పైకొనయందూదుదురు. దాని పేరు కొలతను దెలుపును: ఒక షాకు, ఎనిమిది సున్‌లు, అనగా సుమారు 54.5 సెంటీమీటర్లు. ముందు నాలుగు, వెనుక నొకటి, వెరసి రంధ్రములైదే. తలను బుట్టవంటి టోపీతో కప్పుకొని భిక్షాటన మొనర్చిన ఫుకే శాఖ బౌద్ధ సన్న్యాసులు దీనిని ధ్యానసాధనముగా వాయించిరి. 18వ శతాబ్దమున కురోసావా కింకో యనునాతడు పలు మఠములందలి కృతులను సేకరించెను. ఆ సంప్రదాయమున 36 కృతులు నేటికిని పాఠముగా నున్నవి. ప్రభుత్వము 1871లో నా శాఖను రద్దుచేసినను విద్య నిలిచినది. శిష్యుడు గురువునెదుట గూర్చుండి, ఆయన యూదినట్లే యూదుట అందలి బోధనపద్ధతి. 'తల యాడించుటకు మూడేండ్లు' అని వారిలో నొక లోకోక్తి కలదు.

తల యాడించుట యేల? ఆ వేణువు రంధ్రములను వరుసగా తెఱచినచో వచ్చు నైదు స్వరములు మన శుద్ధధన్యాసి స్వరములే: షడ్జము, సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, పంచమము, కైశికి నిషాదము. కావున మన రాగము లెఱిగినవాడు, నాదము పలికింపగలిగిన గడియనుండియే దానిపై శుద్ధధన్యాసిని తోచినట్లు అల్లుకొనవచ్చును. వినుటకు నింపుగనే యుండును. కాని జపానీయుల ప్రాచీన కృతులకు ప్రాణము ఆ యైదింటి నడుమనున్న స్వరములు. గడ్డము దించినచో స్వరము దిగును, ఎత్తినచో నెక్కును. దానికి తోడు రంధ్రమును కొంత మూయవలెను. మూడేండ్లు పట్టునది యీ మెడనేర్పే.

ఇది తెలిసినపిమ్మట మన సరళీ స్వరములను మేము వేఱుకంటితో చూచితిమి. కర్ణాటక వేణువున రంధ్రములను పూర్తిగా తెఱచుచు మూయుచు బోయినచో హరికాంభోజి స్వరములు తమంత తామే వచ్చును. సరళీ స్వరములో, మాయామాళవగౌళలో నున్నవి! అందలి శుద్ధ రిషభమును, శుద్ధ ధైవతమును పలికింప రంధ్రమును కొంతమేర మాత్రమే తెఱవవలెను. వెదురు తానుగా నీయని స్వరముకడకు గురువు శిష్యుని మొదటనే గొనిపోవుచున్నాడన్నమాట. మా బాలుని పాటలను పరీక్షించి చూడగా, అన్నియు తెఱచిన రంధ్రముల పాటలే. తక్కిన పాటలను వాడు తనకు దెలియకయే విడిచిపెట్టియుండెను.

గురువులేకయే విద్వాంసులైనవారు లేరా యని కొందఱందురు. టి. ఆర్. మహాలింగము (1926–1986) వేణువును తనంతతానే సాధించి, 1933లో ఏడేండ్ల ప్రాయమున మైలాపూరున కచేరి చేసెను. వ్రేళ్ల పట్టునే మార్చి, గాత్రమునందలి గమకములను వెదురున పలికించెను. స్వేచ్ఛావాదు లీయననే సాక్షిగా బిలుతురు. కాని యాయన తన బంధువగు జాల్రా గోపాలయ్యరుకడ గాత్రము నేర్చినవాడు. వ్రేళ్లకు దారి తెలియకమునుపే చెవికి గమ్యము తెలిసియుండెను.

అట్లని శిక్ష యొక్కటే చాలునని మేమనము. ఏండ్లకొలది వర్ణములు, కృతులు సాధించి, నాలుగు వరుసలు స్వరకల్పన చేయుమనగా చెమటలు గ్రమ్మువారిని మే మెఱుగుదుము. జపానున 1992లో కాలధర్మము నొందిన వాతాజుమి దోసో పాత కృతులనే, లోపల లక్క పూయని ముడివెదురున తన శ్వాసకు దగినట్లు మలచుకొనెను.

రామకోటిలో 1952లో నెలకొన్న శ్రీ త్యాగరాజ సంగీత నృత్య కళాశాలలో వేణువు నేర్పుదురు. కోఠినుండి నడచిపోదగినంత దూరమే. నేర్వదలచిన బాలురు విచారింపవచ్చును.

మా బాలునితో, "దినమున కరగంట గురువు చెప్పినది, పది నిముషములు నీకు తోచినది వాయింపుము, పాటలు మానవలదు" అంటిమి. వాడు మరల పాఠమునకు బోవుచున్నాడు. మొన్న తాను కట్టిన చిన్న వరుస నొకదానిని మాకు వినిపించెను. అందొక శుద్ధ రిషభము కలదు. అది యొకింత హెచ్చుగా పలికినది. మేము చెప్పకమునుపే వాడాగి, వ్రేలు సవరించుకొని మరల నూదెను.