పక్కన మనిషి లేని పురుడు

కరోనా ఉధృతి పోయింది. అది పురిటిగదిలో మిగిల్చిన కోత మాత్రం రెండో కాన్పు దాకా వెంట వస్తోంది.

అమరావతి స్తూపం నుంచి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరిన సున్నపురాతి ఫలకం ఒకటుంది. అందులో బుద్ధుడి తల్లి మాయాదేవి చెట్టుకొమ్మ పట్టుకుని, నిలబడే బిడ్డను కంటుంది. పక్కన దేవతలు చాచి పట్టిన పొడవాటి వస్త్రం, దాని మీద చిన్ని పాదముద్రలు. బిడ్డ వచ్చాడనడానికి అవే గుర్తు. కాన్పు వేళ అందుకునే చేతులు దగ్గరుండాలన్నది ఈ నేలకు పాత ఎరుకే.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఆ చేతులే దూరమయ్యాయి. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న నరసరావుపేటలో కేసులు పెరిగి వీధులకు వీధులు కంటైన్‌మెంట్ జోన్లయ్యాయి. నెలనెలా చూపించుకోవాల్సిన గర్భిణులు ఆస్పత్రి పేరెత్తితేనే జంకారు. తీరా నొప్పులతో వెళ్తే ముందు కరోనా పరీక్ష. వెంట వచ్చిన అమ్మ, అత్త చాలాచోట్ల గుమ్మం బయటే ఆగిపోయారు.

ముందునుంచీ ఉన్న జబ్బే

పెద్దాపరేషన్ల పెరుగుదలకు కరోనానే మొదలనుకుంటే పొరపాటు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో 2019 జులై, నవంబరు మధ్య జరిగింది. అంటే కరోనాకు ముందే. అంతకుముందు అయిదేళ్ల కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లేనని అది తేల్చింది. ప్రభుత్వాస్పత్రుల్లో 26.6 శాతం, ప్రైవేటులో 63 శాతం. తెలంగాణలో మొత్తం 60.7 శాతం. ఒక జనాభాలో సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్టు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

భయం నడిపిన కత్తి

వుహాన్ నుంచి 2020 ఫిబ్రవరిలో వచ్చిన తొలి నివేదికల్లో ఒకదానిలో తొమ్మిది మంది గర్భిణులకు తొమ్మిదీ ఆపరేషన్లే. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి స్పష్టంగా చెప్పాయి: కరోనా సోకినంత మాత్రాన కోత అక్కర్లేదు, తల్లికి ఊపిరి అందని స్థితి వంటి వైద్య కారణం ఉండాలి. కానీ గంటల తరబడి సాగే నొప్పులను పీపీఈ కిట్టు తొడుక్కుని కనిపెట్టుకుని ఉండటం సిబ్బందికి నరకం. పరీక్షలు చేసి, తేదీ ఖాయం చేసుకున్న ఆపరేషన్‌కైతే అంత యాతన ఉండదు. చెకప్‌లు తప్పినచోట రక్తపోటు, రక్తహీనత ఆలస్యంగా బయటపడి నిజంగానే కోత తప్పని స్థితి వస్తుంది.

నొప్పుల వేళ పక్కన ఒక మనిషి ఆసాంతం తోడుంటే సహజ ప్రసవాలు పెరుగుతాయని, సిజేరియన్లు తగ్గుతాయని పరిశోధనలు తేల్చాయి. కేంద్రం కూడా 2016లోనే ప్రభుత్వాస్పత్రుల్లో కాన్పు తోడుకు అనుమతిచ్చింది. కరోనా వేళ ముందుగా కోసేసింది ఆ తోడునే.

రెండో కాన్పు

‘మొదటిది ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనే’ అన్న మాట మన ఇళ్లలో వినిపిస్తూనే ఉంటుంది. అది అందరి విషయంలోనూ నిజం కాదు. కోత ఎందుకు పడింది, గర్భసంచి మీద ఎలా పడింది అన్నదాన్ని బట్టి, అత్యవసర ఆపరేషన్‌కు వీలున్న ఆస్పత్రిలో చాలామంది సహజ ప్రసవానికి ప్రయత్నించవచ్చు. కోతలు పెరిగేకొద్దీ మాయ గర్భసంచికి అతుక్కుపోయే ముప్పూ పెరుగుతుంది.

అందుకే ప్రతి తల్లి డిశ్చార్జి కాగితం మీద ఆపరేషన్‌కు కారణం తెలుగులో రాసివ్వాలి. ప్రతి పురిటిగదిలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉండాలి. మరో మహమ్మారి వచ్చినా సరే, అమ్మకో అత్తకో మాస్కు తొడిగి లోపలికి పంపాలి. ప్రాణం నిలిపే కోతను కాదనేవారెవరూ లేరు. భయంతో, తొందరతో పడే కోతను ఆపడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.