పత్తాలు కింద పెట్టెటోడే ఆటగాడు

దసరా దగ్గర పడ్డదంటే నల్లగొండ, పాలమూరు పల్లెలల్ల వేపచెట్ల కింద, బాయికాడి కొట్టాలల్ల పత్తాలాట మొదలైతది. ఒకప్పుడు రమ్మీ, మూడు పత్తాలాట. ఫోన్లు చేతికొచ్చినంక పోకర్ ముచ్చట గూడ ఊర్లకొచ్చింది. ‘తాతా, పోకర్ల గెలిచే ఉపాయం ఉన్నదట గదా?’ అని పొల్లగాండ్లు అడుగుతుంటరు. ఉన్నది బిడ్డా. అది మంత్రం కాదు, ఉత్త లెక్క. కాకపోతే ఆ లెక్కను ఆఖరుదాంక చెయ్యాలె. నడుమల ఆపినోని కొంపనే మునుగుతది.

ముందుగాల మనకు తెలిసిన మూడు పత్తాలాట పట్టుకుందాం. 52 పత్తాలల్ల మూడేసి ఎన్ని తీర్ల రావొచ్చు? 22,100 తీర్ల. అండ్ల మూడు ఆసులో, మూడు రాజులో, ఒక్కతీరువి పడేటివి 52 మాత్రమే. సీక్వెన్సులు, కలర్లు అన్నీ కలిపితే 1,864. జోడీలు 3,744. మిగిలిన 16,440 ఉత్త చేతులు. అంటే నాలుగుసార్లకు మూడుసార్లు నీ చేతిల ఏమీ ఉండదు. మరి వచ్చిన ప్రతి చెయ్యికీ పైసలు పెడుతుంటే ఏమైతది? అందుకే మొదటి ఉపాయం ఇదే: ఎక్కువసార్లు పత్తాలు కింద పెట్టు. పోకర్ల గూడ ఆరితేరినోళ్లు చేసేది ఇదే. పంచిన చేతులల్ల ఎక్కువ మొదట్లనే వదిలేస్తరు. అందరికంటే ఆఖరుకు చెప్పే జాగల కూసున్నప్పుడు జర ఎక్కువ ఆడుతరు. ఎందుకంటే అప్పటికి మిగిలినోళ్లు ఏం చేసిండ్రో చూసి ఉంటరు గదా.

రెండో ఉపాయం ధర చూసుకునుడు. ఇప్పుడు ఎక్కువగ ఆడే పోకర్ల నీ చేతిల రెండు పత్తాలు, నడుమ అందరికీ కనబడేటివి ఐదు. ఆ ఏడింట్ల మంచి ఐదు ఏరుకోవాలె. నీ చేతిల రెండు ఆటీన్లు ఉన్నయి, నడుమ పడ్డ నాలుగింట్ల గూడ రెండు ఆటీన్లు ఉన్నయనుకో. ఇంకొక్కటి పడితే ఐదూ ఆటీన్లే. పదమూడింట్ల నాలుగు పోంగ మిగిలినవి 9. నువ్వు చూడని పత్తాలు 46. అంటే ఐదుసార్లకు ఒక్కసారి వస్తది. నడుమ 300 రూపాయలున్నయి, ఆటల ఉండాలంటే నువ్వు 100 పెట్టాలె. అప్పుడు మొత్తం 400ల నీది 100. నాలుగుసార్లకు ఒక్కసారన్న గెలిస్తేనే గిట్టుబాటు. వచ్చేది ఐదుకు ఒకటి, కావాల్సింది నాలుగుకు ఒకటి. కింద పెట్టు. అదే నడుమ 600 ఉంటే ఏడుకు ఒకటి గెలిచినా చాలు, ఆడు. పత్తాలు అవే, ధర మారింది.

మూడోది దొంగపెట్టు. ఉత్త చెయ్యితోని గట్టిగ పెట్టి ఎదుటోన్ని బెదిరించుడు. దీనికి గూడ లెక్క కట్టిండు హంగరీల పుట్టిన గణిత పండితుడు జాన్ వాన్ న్యూమన్. 1928ల ఆటల మీద వ్యాసం రాసిండు. 1944ల ఆర్థికవేత్త మోర్గెన్‌స్టెర్న్ తోని కలిసి ఏకంగ పుస్తకమే తెచ్చిండు, అండ్ల పోకర్ గురించి ఒక భాగం ఉంది. మంచి చెయ్యికే పైసలు పెడతవని తెలిస్తే, నువ్వు పెట్టంగనే అందరూ వదిలేస్తరు. నీకు మిగిలేదేం లేదు. అందుకే ఆఖరు పత్తా పడ్డంక నడుమ ఎంతుందో అంతే పెట్టెటప్పుడు, మూడుసార్లకు ఒక్కసారి అబద్ధం ఉండాలె. అప్పుడు ఎదుటోడు చూసినా, వదిలినా వానికి ఒక్కటే. ముఖం చూసి కనిపెడతనంటరు కొందరు. 2019ల కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, ఫేస్‌బుక్ పరిశోధకులు చేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రాం ఆరుగురి పోకర్ల పేరుమోసిన ఆటగాండ్లను ఓడించింది. దానికి ఎవ్వరి ముఖమూ కనబడదు.

నాలుగోది అన్నింటికంటే కష్టం: పెట్టిన పైసలను మర్చిపోవుడు. ఇది ఎంత కష్టమో మన రైతుకు చెప్పాల్సిన పని లేదు. బోర్ల సంగతే చూడు. మన నేల కింద ఉన్నది గ్రానైట్ బండ. నీళ్లు పైనున్న కుళ్లిన రాతిపొరల, దాని కింది పగుళ్లల్ల ఉంటయి. లోతుకు పోయినకొద్ది పగుళ్లు తక్కువైతయి. అయినా ‘నాలుగు బోర్లకు పెట్టినం, ఇంకొక్కటి వేద్దాం’ అని అప్పు తెస్తరు. ఐదో బోరుల నీళ్లు పడుడు కింది బండ మీద ఆధారపడ్డది, మొదటి నాలుగింటికి అయిన ఖర్చు మీద కాదు. పత్తాలల్ల గూడ అంతే. నడుమ పడ్డ పైసలు ఇగ నీవి కావు.

ఇక్కడిదాంక వచ్చినంక చాలామంది లెక్క ఆపేస్తరు. మనం ఆపొద్దు. నలుగురూ సమానంగ తెలిసినోళ్లే అనుకో. ఆట నడిపెటోడు నూరుకు ఐదు కోసుకుంటే, 20,000 తిరిగేసరికి 1,000 వాని జేబుల పడుతది. ఆ నలుగురు కలిసి ఓడినట్టే. కోత లేదనుకో. నీ దగ్గర 1,000, ఎదుటోని దగ్గర 9,000. ఆట ఇద్దరికీ సమానమే, ఒక్కోసారికి ఒక్కో రూపాయి. ఒకరి జేబు ఖాళీ అయ్యేదాంక ఆడితే పదింట్ల తొమ్మిదిసార్లు ఖాళీ అయ్యేది నీదే. తెలివి సమానమైతే పెద్ద మూటనే గెలుస్తది.

చట్టం గూడ చెప్తా విను. సికింద్రాబాద్‌ల ఒక క్లబ్బు కేసుల సుప్రీంకోర్టు 1967ల, పదమూడు పత్తాల రమ్మీకి నైపుణ్యం కావాలన్నది. పడ్డ పత్తాలు యాది పెట్టుకోవాలె, ఏది ఉంచాలె, ఏది వదలాలె తెల్వాలె అని. మూడు పత్తాలాట ఉత్త అదృష్టమే అన్నది. కానీ తెలంగాణ 2017ల తన గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యం ఆటలకున్న మినహాయింపును తీసేసింది. 2025ల కేంద్రం పైసలతోని ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. కాబట్టి రమ్మీ అయినా, పోకర్ అయినా చింతగింజలు పెట్టి ఆడు.

ఆడే ముందట ఒక పరీక్ష చెయ్యి. పత్తాలు బాగ కలిపి మూడు తియ్యి, ఏమొచ్చిందో గీత గీయి, మల్ల కలుపు. ఇట్ల నూరుసార్లు. ఉత్త చేతులు 74 దగ్గర, జోడీలు 17 దగ్గర రావాలె. ఉత్తవి 70 వచ్చినా, 80 వచ్చినా పరవాలేదు. వెయ్యిసార్లు చేస్తే లెక్కకు దగ్గరికొస్తది. నూరుకు యాభయ్యే వచ్చినయంటే మాత్రం పత్తాలు పంచెటోని చేతులు జర పైలంగ చూడు.