ముఖానికి మేకప్... మరి పాదాలకు?

తెర మీద పాట మొదలవుతుంది. హీరోయిన్ కళ్ళు చూస్తారు, నవ్వు చూస్తారు, కట్టుకున్న చీర చూస్తారు. ఆ వెనకాల వరసల్లో గెంతుతున్న ఇరవై మంది అమ్మాయిల్ని ఎవరైనా చూస్తారా? పోనీ, చూశారే అనుకుందాం... వాళ్ళ పాదాల్ని చూస్తారా? ఛ, ఎవరు చూస్తారండీ!

ఆ ఇరవై మందిలో నేనొకదాన్ని. రెండో వరస, ఎడమ చివర. 1984లో, పదిహేడేళ్ళ వయసులో, విజయవాడలో రైలెక్కి మద్రాసులో దిగాను. నాలుగేళ్ళు నేర్చుకున్న కూచిపూడి తప్ప నా దగ్గర మరో ఆస్తి లేదు. గ్రూప్ డాన్సర్ జీవితం ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. పొద్దున రిహార్సల్, మధ్యాహ్నం షాటు. ఒకరోజు ఎత్తు మడమల జోళ్ళు, మర్నాడు ఎర్రటి ఎండలో బండల మీద ఉత్తి కాళ్ళు! ముఖానికి గంటసేపు మేకప్ చేసేవారు. కాళ్ళకు మాత్రం... ఇంత పారాణి పూసి వదిలేసేవారు. అంతే!

బ్లేడు చేసిన ఘనకార్యం

1986లో ఒక వాన పాట. కంపెనీ వాళ్ళిచ్చిన జోళ్ళు నాకు ఒక నంబరు చిన్నవి. "సర్దుకోమ్మా, నాలుగు రోజులేగా" అన్నాడు కాస్ట్యూమ్స్ అసిస్టెంటు. సర్దుకున్నాను. నా కుడికాలి చిటికెన వేలి పక్కన అప్పటికే ఒక ఆనెకాయ ఉంది. బిగుతు జోడు దాన్ని నొక్కి నొక్కి, అడుగు వేస్తే ప్రాణం పోయేట్టు చేసింది.

మా గదిలో ఉండే అక్క ఒక సలహా పారేసింది: "బ్లేడుతో చెక్కేయవే, పీడా పోతుంది!"

చెక్కేశాను. అద్దం దగ్గర పడున్న పాత బ్లేడుతోనే. రక్తం కారింది, గుడ్డ చుట్టాను, పొద్దున్నే వెళ్ళి ఆ సెట్లో నిలవ నీళ్ళల్లో గెంతాను. మూడో రోజుకి పాదం బూరెలా పొంగింది. ఎర్రదనం చీలమండ దాకా పాకింది. ఒంటి మీద కాగిపోయే జ్వరం. డాక్టరు కోసి చీము తీశాడు. తీస్తూ ఒకే మాట అన్నాడు: "ఆనెకాయ నువ్వు కోసుకున్నావు, బాగానే ఉంది. ఇంకో రెండు రోజులాగితే కాలు నేను కొయ్యాల్సొచ్చేది."

అయిదు వారాలు మంచం. పాట నా కోసం ఆగుతుందా? ఆ సినిమా విడుదలయ్యాక నేల టికెట్టు కొనుక్కుని వెళ్ళి చూశాను. రెండో వరస, ఎడమ చివర... వేరే అమ్మాయి.

మయూరి గుర్తొచ్చింది

మంచం మీదున్న ఆ అయిదు వారాలూ నాకు ఒకటే సినిమా గుర్తొచ్చేది. 1985లో వచ్చిన 'మయూరి'. సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వంలో సుధాచంద్రన్ తన కథలో తానే నటించింది. ఈ కాలం కుర్రకారు చూసి ఉండకపోతే తప్పక చూడండి.

ఆమె కాలు పోవడానికి కారణమేమిటో తెలుసా? 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదం జరిగింది. అయితే కాలు తీసుకుపోయింది ప్రమాదం కాదు. చీలమండ దగ్గరున్న ఒక చిన్న గాయం! దాన్ని గమనించకుండా పైన పిండికట్టు వేసేశారు. లోపల కుళ్ళింది. మోకాలి కింద కాలు తీసెయ్యాల్సొచ్చింది. ఆ పిల్ల జైపూర్ పాదం పెట్టించుకుని 1984లో మళ్ళీ వేదికెక్కింది! ఆ పాదాన్ని తీర్చిదిద్దింది రామచంద్ర శర్మ అనే పనివాడు, డాక్టర్ పి.కె. సేఠీ. సేఠీగారికి 1981లోనే మెగసెసే అవార్డు వచ్చింది. రబ్బరుతో చేసిన ఆ పాదంతో ఉత్తి కాళ్ళతో నడవొచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు, పొలంలో దిగొచ్చు.

సుధ ధైర్యానికి హాల్లో అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. కానీ చిన్న గాయాన్ని చిన్నచూపు చూడకూడదన్న మాట మాత్రం ఒక్కరమూ ఇంటికి తెచ్చుకోలేదు! తెచ్చుకుని ఉంటే ఏడాది తిరక్కుండా నేనా బ్లేడు పట్టుకునేదాన్నా?

దారం తగల్లేదు

ఇప్పుడు హైదరాబాదులో మా మేడ మీద పిల్లలకు కూచిపూడి చెబుతున్నాను. మా అమ్మకున్న షుగరు వ్యాధి నాకూ వచ్చింది. 2023లో పాదాల పరీక్ష కోసం ఒక క్లినిక్కుకి వెళ్ళాను. పళ్ళకు డాక్టరున్నట్టే పాదాలకూ ప్రత్యేకం డాక్టర్లున్నారు. పొడియాట్రిస్ట్ అంటారు. ఇంగ్లండు, అమెరికాల్లో మామూలే. మన దగ్గర ఎక్కువగా షుగరు ఆసుపత్రుల్లోనే ఇలాంటి పాదాల విభాగాలు కనిపిస్తాయి.

డాక్టరమ్మ నైలాను దారం లాంటిది ఒకటి తీసింది. పది గ్రాముల ఒత్తిడికి వంగుతుందట. "కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడల్లా చెప్పండి" అంది.

"తగిలింది... తగిలింది... ఆఁ, తగిలింది..."

తర్వాత నిశ్శబ్దం. "మొదలుపెట్టండమ్మా" అన్నాను.

"రెండుసార్లు పెట్టానండీ" అందామె మెల్లిగా. కుడి బొటనవేలి కింద!

ఏ పాదంతో తాళం చెప్పానో, ఏ పాదం చప్పుడు విని మా మాస్టారు "భేష్" అన్నారో, ఆ పాదంలో ఒక చోటు నాకు చెప్పకుండా వెళ్ళిపోయింది. ఏడవలేదు గానీ, చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

డాక్టరమ్మ చెప్పింది, మీకు చెబుతున్నాను

జోళ్ళు సాయంత్రం పూట కొనండి. పొద్దంతా తిరిగితే పాదం కొంచెం ఉబ్బుతుంది. రెండు పాదాలూ ఒకే కొలత ఉండాలని లేదు. పెద్దదాని కొలతకే కొనండి. నిలబడి చూసుకుంటే పొడుగాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత చోటుండాలి. "వాడగా వాడగా సాగుతుంది" అన్న షాపువాడి మాట నమ్మకండి. అది మా కాస్ట్యూమ్స్ అసిస్టెంటు మాట లాంటిదే!

గోళ్ళు తిన్నగా కత్తిరించండి. మూలలు లోతుగా తీస్తే గోరు కండలోకి పెరుగుతుంది.

స్నానమయ్యాక వేళ్ళ సందులు తుడవండి. అక్కడ తడి నిలిస్తే ఒరుస్తుంది, దురద మొదలవుతుంది. తోచిన పూత మందు మందుల షాపులో అడిగి రాసుకోవద్దు. కొన్నిటిలో స్టీరాయిడ్ ఉంటుంది, పైకి తగ్గించి లోపల పెంచుతుంది. మడమ పగుళ్ళకు గోరువెచ్చని నీళ్ళు, తర్వాత వ్యాజిలీన్ చాలు. అది వేళ్ళ సందుల్లో మాత్రం రాయకండి.

పొద్దున్నే మొదటి నాలుగడుగులకే మడమ పొడుస్తోందా? పిక్కల్ని సాగదీసే వ్యాయామం చెయ్యండి, మెత్తని జోడు వాడండి. కాలు బెణికితే గట్టిగా మర్దనా చేయించకండి. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు పెట్టి, కాలు ఎత్తులో పెట్టుకోండి. అడుగు వెయ్యలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే.

పిండికట్టు లోపల నొప్పి పెరిగినా, వాసనొచ్చినా, వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా... తెల్లారేదాకా ఆగకండి, అప్పుడే వెళ్ళండి. పుండు చుట్టూ ఎర్రదనం పాకితే, జ్వరమొస్తే కూడా అంతే.

ఇంట్లో షుగరున్న అమ్మో నాన్నో ఉంటే ఇంకో పని మీ మీద పడుతుంది. వాళ్ళకు మేకు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. వాళ్ళను ఇంట్లో కూడా ఉత్తి కాళ్ళతో తిరగనివ్వకండి. ఆనెకాయ మందులు, బ్లేళ్ళు వాళ్ళ దగ్గరికి రానివ్వకండి. రోజూ వాళ్ళ అరికాళ్ళు చూడండి. ఏడాదికోసారి ఆ దారం పరీక్ష చేయించండి.

నేను డాన్సు మానలేదు లెండి! డాక్టరమ్మ సరేనన్నాకే, మేడ మీద గచ్చు పైన చెక్క పలకలు పరిపించి, మెత్తని జోళ్ళతో నిలబడి చెబుతున్నాను. గెంతే వంతు పిల్లలది. క్లాసవగానే వాళ్ళంతా వరసగా కూర్చుని అరికాళ్ళు చూపించి మరీ ఇళ్ళకెళ్ళాలి. "ఇదేం గురుదక్షిణ టీచర్!" అని నవ్వుతారు. నవ్వనీ!

మద్రాసులో కొనుక్కున్న మేకప్ అద్దం ఇప్పటికీ నా దగ్గరుంది. ఒకప్పుడు అందులో బొట్టు చూసుకునేదాన్ని, కాటుక చూసుకునేదాన్ని. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు దాన్ని నేల మీద పెట్టి, కుడి అరికాలు చూసుకుంటాను. తర్వాత ఎడమది.

ఈ రాత్రి మీరూ ఒకసారి చూసుకోండి. వీలైతే అమ్మవీ!