పౌష్టికాహారం సరే, బోధన మాటేమిటి?

అంగన్‌వాడీ కేంద్రం అనగానే పల్లె జనానికి గుర్తుకొచ్చేది కోడిగుడ్డు, పాలు, బాలామృతం. అయితే 1975 అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని ప్రారంభించినపుడు ప్రభుత్వం నిర్దేశించిన సేవలు ఆరు. అనుబంధ ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైన వారిని ఆసుపత్రికి పంపడం, చిన్నపిల్లల చదువు అయిదు కాగా, ఆరవది స్త్రీలకు పోషణ, ఆరోగ్య విషయాల బోధన. ఈ ఆరవ సేవే వెనుకబడిపోతోంది. పంచిన గుడ్లకు లెక్క ఉంటుంది గానీ, తల్లికి చెప్పిన మాట ఇంట్లో అమలయిందో లేదో ఏ రిజిస్టరూ చెప్పదు.

ఫలితం కళ్లెదుటే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలోనూ పరిస్థితి ఇంచుమించు ఇంతే. పేదరికం ఇందుకు ఒక కారణం. తెలియకపోవడం మరొకటి.

అలవాట్లే అడ్డు

కడుపుతో ఉన్నపుడు ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందన్న భయం పల్లెల్లో ఇంకా ఉంది. ముర్రుపాలు పిండి పారబోసేవారూ ఉన్నారు. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు వాడవలసిన ఐరన్ మాత్రలు వికారం పుట్టిస్తున్నాయని గూట్లోనే ఉండిపోతున్నాయి. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే అందులోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఆరు నెలలు నిండిన బిడ్డకు పప్పు మీది తేట నీళ్లు చాలవు. పప్పు, అన్నం, ఆకుకూర మెత్తగా మెదిపి, కాస్త నూనె కలిపి పెట్టాలి. గంజి వార్చి పారబోస్తే బి విటమిన్లు దానితోనే పోతాయి.

ఇందులో చాలా వాటికి అదనపు ఖర్చు లేదు. పెరటి మునగాకు, తోటకూర, రాగిజావ అందుబాటులో ఉన్నవే. ఆకుకూరపై నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

అత్తలకూ చెప్పాలి

2018 మార్చి 8న ప్రారంభమైన పోషణ్ అభియాన్ కింద కేంద్రాల్లో సీమంతాలు, అన్నప్రాశనలు జరుపుతున్నారు. మంచి ఆలోచనే. అయితే పసుపు కుంకుమలతో, ఫొటోతో కార్యక్రమం ముగిసిపోతే ప్రయోజనం లేదు. ఇంట్లో ఏం వండాలో, ఎవరు ముందు తినాలో కోడలు ఒక్కతే నిర్ణయించదు. అత్తగారిని, భర్తను కూడా పిలిచి కూర్చోబెట్టి చెప్పాలి. రిజిస్టర్లు, ఫోనులో నమోదులతో సతమతమయ్యే కార్యకర్తకు ఇల్లిల్లూ తిరిగే తీరిక కల్పించాలి.

నెలకోసారి గ్రామంలో ఆరోగ్య, పోషకాహార దినం జరపాలి. ఆ రోజు బరువు తూచి పంపేస్తే ఊరుకోకుండా, ‘మా బిడ్డకు ఏం పెట్టాలి?’ అని తల్లులు అడగాలి. జవాబు రాబట్టే బాధ్యత పంచాయతీ పెద్దలది కూడా.