కోయకముందే లోపలి కథ చెప్పే స్కాన్

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తయారైన రైలు పట్టాలను అల్ట్రాసౌండ్‌తో పరీక్షించాకే బయటికి పంపుతారు. పట్టాను కోయకుండానే లోపలి లోపాన్ని ఆ తరంగాలు పట్టిస్తాయి. సెక్టర్ 7 వంటి టౌన్‌షిప్ కాలనీల్లో జీవితం గడిపిన ఉద్యోగులకు ఇది తెలిసిన సంగతే. వయసు పైబడ్డాక ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడితే, అదే ప్రశ్న సొంత శరీరం గురించి ఎదురవుతుంది: కోయకముందే లోపల ఏముందో తెలిసేదెలా?

ప్రోస్టేట్ గ్రంథి పురుషుల్లో మూత్రాశయం కింద ఉంటుంది. రక్తంలో పీఎస్ఏ పెరిగితే డాక్టర్లు అనుమానిస్తారు. అయితే గ్రంథి ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ సోకినా అది పెరుగుతుంది. క్యాన్సర్‌ను నిర్ధారించేది బయాప్సీయే. ఆపైన అసలు ప్రశ్న, కణితి గ్రంథిలోనే ఉందా, గోడ దాటిందా అన్నది. లోపలే ఉంటే గ్రంథిని తొలగించి నయం చేసే అవకాశం ఎక్కువ. ఎముకలకు పాకితే ఆపరేషన్ ఒక్కటే చాలదు. పైగా గ్రంథిని ఆనుకుని అంగస్తంభన నరాలు, దాని కిందే మూత్రాన్ని ఆపే కండరం ఉంటాయి. వాటికి ఎంత దగ్గరగా కోయాలో సర్జన్ ముందే తేల్చుకోవాలి.

ఇక్కడ ఎంఆర్ఐ తోడ్పడుతుంది. కణాలు కిక్కిరిసిన కణితిలో నీటి అణువులు స్వేచ్ఛగా కదలలేవు. ఆ తేడా చిత్రంలో కనిపిస్తుంది. అనుమానపు తీవ్రతకు 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. 2017లో వెలువడిన బ్రిటన్ 'ప్రామిస్' అధ్యయనంలో 576 మందిని పరీక్షించారు. ముఖ్యమైన క్యాన్సర్లలో ఎంఆర్ఐ 93 శాతాన్ని, అల్ట్రాసౌండ్ సాయంతో చేసే మామూలు బయాప్సీ 48 శాతాన్ని పట్టుకున్నాయి. కానీ ఎంఆర్ఐ అనుమానించినదల్లా క్యాన్సర్ కాదు. కాబట్టి బయాప్సీ అవసరం పోలేదు.

క్యాన్సర్ ఇతర భాగాలకు పాకిందేమో చూసేది పీఎస్ఎంఏ పెట్ స్కాన్. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలపై ఎక్కువగా ఉండే పీఎస్ఎంఏ ప్రొటీన్‌ను అంటుకునే అణువుకు గాలియం-68 వంటి రేడియోధార్మిక పదార్థాన్ని జోడించి ఎక్కిస్తారు. అది వెలువరించే పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌తో కలిసి నశించి, ఎదురెదురు దిశల్లో రెండు గామా కిరణాలను పంపుతుంది. వాటి ఆధారంగా యంత్రం చోటు గుర్తిస్తుంది. గాలియం-68 సుమారు 68 నిమిషాలకోసారి సగమవుతుంది. 2020 నాటి ఆస్ట్రేలియా అధ్యయనంలో, ముప్పు ఎక్కువున్న 302 మందిలో దీని కచ్చితత్వం 92 శాతం. సీటీ, ఎముకల స్కాన్ కలిపితే 65 శాతం.

ఇదీ లోపం లేనిది కాదు. అతి చిన్న మచ్చలు తప్పిపోవచ్చు, క్యాన్సర్ లేని చోటా వెలుగు కనిపించవచ్చు. ముప్పు తక్కువున్నవారికి సాధారణంగా ఈ స్కాన్ అక్కర్లేదు.

సెక్టర్ 9లోని కర్మాగారం ఆసుపత్రికి వెళ్లినా, మరెక్కడ చూపించుకున్నా డాక్టర్‌ను మూడు మాటలు అడగాలి. క్యాన్సర్ గ్రంథి గోడ దాటిందా? నరాలను కాపాడగలరా? ఈ స్కాన్ ఫలితంతో చికిత్స మారుతుందా? వీలైతే ఎంఆర్ఐ బయాప్సీకి ముందే చేయించుకోవడం మేలు. సూది గుచ్చాక మిగిలే రక్తపు మరకలు కొన్ని వారాలపాటు చిత్రాన్ని తికమక పెడతాయి. పేస్‌మేకర్ ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి.