కాలమే సాక్షి



చెరువులో రెండు చోట్ల ఒక్కసారిగ రాళ్లు వేసినచో, రెండు అలలు కలిసిన తావులలో కొన్నియెడల నీరు పొంగును, కొన్నియెడల అణగును. ఎలక్ట్రాను వంటి సూక్ష్మకణములును ఇట్లే వర్తించును. రెండు సన్నని చీలికలుగల పలకమీదికి వానిని ఒక్కొక్కటిగ పంపినను, ఆవలి తెరపై అలల చారలే యేర్పడును. కణము ఒక చీలికగుండనే పోయెనని చెప్పుటకు వీలులేదు. రెండు దారుల అలలకును పొత్తు కుదిరినప్పుడే చారలు గలుగును. వియన్నా నగరమున 1999లో 60 కర్బన పరమాణువుల అణువులతోను, 2019లో సుమారు 2000 పరమాణువులుగల అణువులతోను ఇట్టి చారలను చూపిరి.

అట్లయిన, ఆ పరమాణువులతోనే యేర్పడిన మన యింటి రోలు రెండుచోట్ల నేల కనబడదు?

సాక్షి యుండుటచేత. ఏ దారిని బోయినదో తెలుపు గుర్తు ఎక్కడ మిగిలినను పొత్తు చెడును. మనుష్యుడు చూడనక్కఱలేదు, గాలి తగిలినను, వెలుగు సోకినను చాలును. 2004లో వియన్నాలోనే అణువులను మిక్కిలి వేడిచేయగా, అవి వెడలగ్రక్కిన వెలుగే వాని జాడను పట్టియిచ్చెను. చారలు క్రమముగ చెరిగిపోయెను.

గాలియు వెలుగును లేనిచోట నేమగును? 2015లో పికోవ్‌స్కీ, జిఖ్, కోస్తా, బ్రుక్నర్ అను నలుగురు శాస్త్రజ్ఞులు లోపలి సాక్షి నొకదానిని సూచించిరి. ఐన్‌స్టీను సిద్ధాంతమును బట్టి, ఎత్తుననున్న గడియారముకంటె నేలకు దగ్గఱనున్నది మెల్లగ నడచును. 2010లో అమెరికాలోని బౌల్డరు నగరమున ఒక గడియారమును సుమారొక అడుగు పైకెత్తి ఈ భేదమును కొలిచిరి. ఎనుబది యేండ్లకు అది సెకండును నూరుకోట్ల భాగములు చేసిన అందు సుమారు 90 భాగములు మాత్రమే.

వెచ్చని వస్తువులోని పరమాణువులు ఎడతెగక కదలుచుండును. ఆ కదలికయే దాని గడియారము. వస్తువు మీదను క్రిందను రెండుచోట్ల నున్నచో క్రింది కదలిక వెనుకబడును. ఒక్క పరమాణువున అది లెక్కకు రాదు. కోటానుకోట్లు చేరినచో సాక్ష్యమగును. వారి గణితము ప్రకారము, ఒక గ్రాము వస్తువు మామూలు గది వేడిమిలో, మిల్లీమీటరులో వేయవవంతు ఎత్తు తేడాతో రెండుచోట్ల నున్నచో, సెకండులో సుమారు వేయవవంతు కాలముననే పొత్తు చెడును.

ఇది యింకను లెక్కయే గాని ప్రయోగమున తేలినది గాదు. కొందఱు శాస్త్రజ్ఞు లాక్షేపించిరి కూడ. గాలియు వెలుగును అంతకు ముందే తమ పని ముగించును గనుక, ఈ సాక్షిని వేరుచేసి పరీక్షించుట కడు కష్టము. ఆ పరీక్ష నెగ్గినచో, రోలు ఒక్కచోటనే యుండుటకు వెలుపలి సాక్షులు లేకున్నను, దాని వెచ్చదనమును భూమి యాకర్షణయు చాలునని తేలగలదు.